పేరు పెట్టి చేసిన ప్రార్థన

జులై 12, శుక్రవారం

స్త్రీల ప్రార్థన బాగా జరిగింది. పదమూడు మంది వచ్చారు. ముగింపు ప్రార్థన నేనే చేశాను. ఎప్పుడూ లేనంత కన్నీళ్లు వచ్చాయి, నాకే కాదు, అందరికీ.

కృష్ణవేణమ్మ వదిన ఆమేన్ అనలేదు. తన చాప చుట్టకుండానే లేచి వెళ్లిపోయింది.

నేను మాట్లాడింది మనుషులతో కాదు, దేవునితో.

జులై 13, శనివారం

నిద్ర సరిగా పట్టలేదు. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటే తేలికపడుతుందేమో చూస్తాను.

మంగళవారం బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే సుజన వచ్చింది. కృష్ణవేణమ్మ కోడలు. పెళ్లయి ఐదేళ్లు. మొదటి కాన్పులో ఏడో నెలకే బీపీ ఎక్కి ఫిట్స్ వచ్చాయి. బిడ్డ దక్కలేదు. తను కర్నూలు ఆసుపత్రిలో పదకొండు రోజులు తెలివి లేకుండా పడి ఉంది. ఆ తర్వాత మళ్లీ కడుపు పండలేదు. మూడేళ్లుగా మా స్త్రీల సమాజం ప్రతి శుక్రవారం పగలంతా పస్తుండి, సాయంత్రం ఆమె గర్భఫలం కోసం ప్రార్థన చేస్తోంది. ముందుండి నడిపిస్తున్నది నేనే. ఈ కోడుమూరులో నా ప్రార్థన వల్ల పిల్లలు పుట్టారని ఐదిళ్లలో చెప్పుకుంటారు. నేను చెప్పుకోను, వాళ్లు చెప్పుకుంటారు.

సుజన వంటింట్లో పీట మీద కూర్చుని చాలాసేపు కరివేపాకు దూసింది. ఆ తర్వాత చెప్పింది. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో నెలలోనే పిల్లలు పుట్టకుండా లూపు వేయించుకుందట. మొగుడికి తెలియదు, అత్తకు తెలియదు.

"మల్లా ఆ మంచం మీద పండుకోలేను టీచరమ్మా. నాకు భయం. మీరంతా నా కోసం పస్తులుంటాంటే నాకు అన్నం దిగడం ల్యా. అందుకే చెప్తాండా. ఎవరికీ చెప్పొద్దండి."

"ఎవరికి చెప్తానమ్మా, దేవునికి తప్ప" అన్నాను.

మూడు రోజులు నిలిచింది నా కడుపులో. శుక్రవారం కళ్లు మూసుకుని చేతులెత్తగానే నోట్లోంచి వచ్చేసింది. ప్రభువా, నీ బిడ్డ సుజన భయపడి లూపు వేయించుకుని తన గర్భాన్ని తానే మూసుకుంది, ఆమెను క్షమించు, ఆ భయం తీసివేయి అని. పేరు పెట్టి మరీ. పదమూడు మందీ కళ్లు మూసుకున్నారు గానీ చెవులు మూసుకోలేదు కదా.

అయినా అది ప్రార్థనే. చాడీ చెప్పడం వేరు, ప్రార్థన వేరు. ఆ సంగతి దేవునికి తెలుసు.

జులై 14, ఆదివారం

సుజన చర్చికి రాలేదు. మొగుడు అరుణ్ కుమార్ ఒక్కడే వచ్చాడు. విత్తనాల కొట్లో పని చేస్తాడు. ఎప్పుడూ ముందు కూర్చుని డోలక్ వాయించే మనిషి ఈరోజు వెనక గోడకు ఆనుకున్నాడు. ఆశీర్వాదానికి ముందే లేచాడు. నా వైపు చూడలేదు. దుకాణం తెరవాల్సి ఉండొచ్చు.

జులై 17, బుధవారం

సుజన ఫోను స్విచ్ ఆఫ్.

జులై 18, గురువారం

స్విచ్ ఆఫ్.

జులై 19, శుక్రవారం

వెళ్లనా వద్దా అనుకుంటూనే ప్రార్థనకు వెళ్లాను. పందొమ్మిది మంది వచ్చారు. ఇంతమంది ఎప్పుడూ రాలేదు.

కృష్ణవేణమ్మ వదిన వాకిట్లోనే నా రెండు చేతులూ పట్టుకుంది. తిడుతుందనుకున్నాను.

"వదినా, నువ్వు నోరు తెరవకుంటే మేం ఇంకా మోసపోతా ఉండేవాళ్లం. దేవుడే నీ నోట పలికించినాడు. నీ ప్రార్థన యాడ తప్పిపోయిందో అని అందరం అనుకుంటాంటిమి. తప్పు మా ఇంట్లోనే ఉండాది."

నాకు సంతోషం వేసింది. ఇది రాయకూడదనుకున్నాను. కానీ వేసిన మాట నిజం.

ఈసారి అందరూ సుజన పశ్చాత్తాపం కోసం ప్రార్థించారు. ఒక్కొక్కరూ పేరు పెట్టి.

జులై 22, సోమవారం

ఆయన పెద్దల కూటం నుంచి వచ్చి చొక్కా విప్పకుండానే చెప్పాడు. మా ఆయన జ్ఞానరాజు సంఘ పెద్ద, ఇరవై ఏళ్లుగా. సుజన లూపు తీయించుకుని సంఘం ముందు ఒప్పుకునేదాకా ఆమెకు ప్రభువు బల్ల ఆపుతారట. ఆగస్టు మొదటి ఆదివారం పాస్టరయ్య ప్రకటిస్తాడట. బల్ల ఆపడమంటే అందరూ రొట్టె, రసం తీసుకుంటుంటే ఆమె ఒక్కతే చేతులు ముడుచుకుని కూర్చోవాలి. పళ్లెం ముందు నుంచే పోతుంది. చూడనివాళ్లు ఉండరు.

"ఆ యమ్మికి విధేయత గురించి నువ్వే చెప్పాలన్నాడు పాస్టరయ్య. నీ మాటంటే ఆ యమ్మికి గౌరవం ఉండాదంట."

"నేను పోను."

"పోకుంటే యాడ బాగుంటాది? బయటపెట్టింది నువ్వే గదా."

బయటపెట్టింది అన్నాడు. ప్రార్థన చేసింది అనలేదు. ఆయనకు మాటలు వెతికే అలవాటు లేదు, ఉన్నదే అంటాడు.

జులై 24, బుధవారం

వెళ్లాను. కృష్ణవేణమ్మ వదిన గడపలో కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది. లోపల గదిలో సుజన కుట్టుమిషను దగ్గర ఉంది. నన్ను చూసి లేచింది, తల మీదికి కొంగు లాక్కుంది, చెంబుతో నీళ్లు ఇచ్చింది. మర్యాదలో ఏ లోటూ చేయలేదు. చేసి ఉంటే నాకు బాగుండేది.

ఇంట్లో ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడటం మానేశారు. అన్నం మాత్రం పెడుతున్నారు. ఫోను అత్త బొడ్లో ఉంది. బజారుకు కూడా ఒంటరిగా పంపడం లేదు. ఇవన్నీ గడపలోంచి కృష్ణవేణమ్మ వదినే చెప్పింది, తమ ఓర్పుకు సాక్ష్యంగా.

నేను వాక్యం తెరిచాను. మూసాను. "తల్లీ, నేను ఆ రోజు..." అన్నాను.

"మీరు ప్రార్థన చేసి పోండి టీచరమ్మా" అంది సుజన.

"ఏమని చేయమంటావు?"

"మీ ఇష్టం. నా గురించి మీకు తెలియంది ఏముండాది ఇంగ."

చేయలేకపోయాను. ముప్పై ఏళ్లలో ఇదే మొదటిసారి. గడపలోంచి చెరిగే చప్పుడు ఆగింది, వినడానికి. గబగబా ఆమేన్ అని లేచి వచ్చేశాను.

జులై 25, గురువారం

మధ్యాహ్నం పిల్లల భోజనాలయ్యాక ముబీనా టీచరు తన ఆడబిడ్డ గొడవ చెప్పుకుంది. తను చెప్పుకున్న మాటొకటి ఆ పిల్ల ఊరంతా చాటిందట.

"మా ఇండ్లల్లో దాన్ని అమానతు అంటాం మేడమ్. దాచిపెట్టమని ఒకరి చేతికిచ్చిన సొమ్ము. అది తీసుకపోయి దర్గాలో ఇచ్చినా దొంగతనమే."

ఆమెకు నా సంగతేమీ తెలియదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను మాత్రం ఆరో తరగతి కాపీలు ముందేసుకుని తల ఎత్తలేదు.

జులై 27, శనివారం

ఈరోజు ఒకటి బయటపడింది. ఎవరికీ కాదు, నాకే.

నాకు ప్రార్థన మనవుల పుస్తకం ఒకటుంది. ఎవరు ఏది అడిగితే అది రాసుకుంటాను. ఫలించినదానికి ఎర్ర సిరాతో టిక్కు పెడతాను. బడి అలవాటు. సుజన పేరు మూడు పుస్తకాల్లోకి మారింది, టిక్కు లేకుండా. పేజీ తిప్పినప్పుడల్లా ఆ పేరు నన్నే చూసేది.

దులుపుతూ ఆ పుస్తకం తెరిచాను. సుజన పేరు పక్కన నా చేత్తోనే ఉంది: "అడ్డు ఆమెదే." కింద తేదీ, జులై 9. ఆ పిల్ల చెప్పిపోయిన మంగళవారం. శుక్రవారం దాకా కూడా ఆగలేదు నేను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చేయి వణికిన జాడ లేదు.

ఆ సాయంత్రం సుజన ఏడుస్తూ చెబుతుంటే నాకు ముందు కలిగింది జాలి కాదు. హమ్మయ్య అనిపించింది. నా ప్రార్థనలో లోపం లేదు, ఐదిళ్లలో నా పేరు అలాగే ఉంటుంది. ఆ హమ్మయ్యనే శుక్రవారం కన్నీళ్లతో పదమూడు మందికి వినిపించాను. ఆత్మ కదిలిందని రాశాను పైగా. లేదు, వెనక్కి తిప్పి చూశాను, అలా రాయలేదు. కానీ అనుకున్నాను.

సిగ్గుగా ఉంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పిల్లలకు నేనే నేర్పుతాను. నా నోరు జారలేదు. నేనే జార్చాను.

జులై 30, మంగళవారం

ఆయనతో చెప్పాను. తప్పు నాది, సుజనకు బల్ల ఆపొద్దని మీ పెద్దలకు చెప్పండి అన్నాను.

"నువ్వు చెప్పింది అబద్ధమా?"

"కాదు."

"ఇంకేం తప్పు? నిజం బయటికొచ్చింది. నువ్వెట్ల చెప్తే ఏముండాది?"

"నన్ను నమ్మి చెప్పిందండీ."

"సంఘం గూడా నిన్ను నమ్మింది గదమ్మే. ఇప్పుడు మాట మారిస్తే నన్ను ఏమంటారు?"

ఆయన చెడ్డవాడు కాదు. ఉదయం నాలుగున్నరకు లేచి మోకాళ్ల మీద ఉంటాడు. నేనూ ఉంటాను. ఇద్దరం పక్కపక్కనే మోకరించి రోజూ ఒకే మాట అడుగుతాం, నీ చిత్తమే జరగనీ అని. ఆ చిత్తం నాకొకలా, ఆయనకొకలా వినిపిస్తే ఇంట్లో ఎవరు ఎవరికి లోబడాలి?

ఎటు తిరిగినా తలుపు మూసి ఉంది. మాట్లాడితే ఆయన పరువు. మాట్లాడకపోతే ఆ పిల్ల.

ఆగస్టు 2, శుక్రవారం

జ్వరమని చెప్పి ప్రార్థనకు వెళ్లలేదు. జ్వరం లేదు.

ఆగస్టు 4, ఆదివారం

లేచాను. సాక్ష్యాల సమయంలో, బల్లకు ముందు. సుజనను తీసుకొచ్చారు. వెనక చాప మీద అత్త పక్కన కూర్చుంది.

రాసుకున్న కాగితం చూడకుండానే చెప్పాను. సుజన నన్ను నమ్మి చెప్పిన మాటను ప్రార్థన పేరుతో బయటపెట్టాను. అది కూడా ఆమె మేలు కోసం కాదు, నా ప్రార్థనకు పేరు పోకుండా ఉండటానికి. బల్ల ఆపాలంటే నాకు ఆపండి. ఆ పిల్ల చావు దాకా వెళ్లి వచ్చింది, భయపడింది, అంతే. అంతా చెప్పాను.

తర్వాత ఎవరో స్తోత్రం అన్నారు. ఇంకొకరు అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి.

పాస్టరయ్యకు ముప్పై నాలుగేళ్లు. మనసులో కల్మషం లేని పిల్లాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"చూసినారా, తగ్గింపంటే ఇదీ. మన సంఘంలో ఇంత తగ్గించుకునే మనసు ఎవరికుండాది? స్వర్ణలతమ్మ గారికున్న ఈ తగ్గింపే సుజనమ్మకు గూడా రావాలని అందరం చేతులెత్తి ప్రార్థన చేద్దాం."

చేశారు. ఆ తర్వాత ప్రకటన చదివాడు. సుజనకు బల్ల ఆపారు. నాకు ఆపలేదు. పళ్లెం నా ముందు ఆగింది. నేను చేయి చాపలేదు. పక్కనున్నామె నేను ఇంకా దుఃఖంలో ఉన్నాననుకుని వీపు నిమిరింది.

బయటికి వచ్చాక ముగ్గురు కొత్త మనవులు ఇచ్చారు. ఒకామె గూడూరు నుంచి తన కోడలిని తీసుకొస్తానంది. నా పేరు పెరిగింది. కోపంతో ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలియలేదు. సుజన గేటు దగ్గర అత్త వెనక నిలబడి నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు వివరించడం నాకు చేతకాదు.

ఆగస్టు 5, సోమవారం

కృష్ణవేణమ్మ వదిన వచ్చింది. వచ్చే సోమవారం, పన్నెండో తేదీ, కర్నూలులో లూపు తీయించడానికి డాక్టరమ్మ దగ్గర టైం తీసుకున్నారట.

"నువ్వు గూడా రా వదినా. సంతకం పెట్టనంటే నువ్వు చెప్పు. నీ మాటైతే వింటాది."

వస్తాను అన్నాను. అది అబద్ధం కిందికి వస్తుందో రాదో తెలియదు.

ఆగస్టు 7, బుధవారం

వాళ్లింటికి వెళ్లి, సుజనతో ఒంటరిగా ప్రార్థనలో ఉండాలి, తలుపు వేసుకుంటాను అన్నాను. నాకున్న పేరు ఆ ఒక్కదానికి పనికొచ్చింది. కృష్ణవేణమ్మ వదినే బయట నుంచి తలుపు దగ్గరగా లాగింది.

నేను మోకరించలేదు. మిషను పక్కన నేల మీద కూర్చున్నాను.

"నీకేం కావాలమ్మా?" అని అడిగాను.

సుజన నన్ను చాలాసేపు చూసింది. ఐదేళ్లలో ఆమెను ఈ మాట ఎవరైనా అడిగారో లేదో. నేనైతే అడగలేదు. ఆమె అడగమన్నదే దేవుణ్ని అడుగుతున్నాననుకున్నాను. ఆమె ఎప్పుడూ ఏమీ అడగలేదని ఇప్పుడు గుర్తొస్తోంది. అడిగింది అత్త.

"ఈడ్నుంచి పోవాల" అంది మెల్లగా. "మా ఊరు బనగానపల్లెకు పోతే మా అన్న రెండు దినాలకు మల్లా తెచ్చి దింపుతాడు. వేరే చోటు ఒకటుండాది."

చోటు చెప్పింది.

"అరుణ్?"

"ఆయప్ప మంచోడే. వాళ్లమ్మ ముందర నోరు రాదు. నాకు గూడా దేవుడంటే భక్తి ఉండాది టీచరమ్మా. బిడ్డ వద్దని గాదు. ఆ పదకొండు దినాలు మీకెవరికీ తెలీదు." ఆగింది. "ఈసారి ఎవరికీ చెప్పరు గదా?"

చెప్పను అన్నాను. దేవునికి తప్ప అనలేదు.

బయటికి రాగానే కృష్ణవేణమ్మ వదిన అడిగింది. "గొంతు వినపడల్యా?"

"ఈరోజు మాట్లాడింది సుజన, నేను విన్నాను వదినా."

ఆమె తలూపింది. సుజన దారికొస్తోందని అనుకున్నట్టుంది.

ఆగస్టు 8, గురువారం

ఉదయం మోకాళ్ల మీద చాలాసేపు ఉన్నాను. ఒక్క మాటా మాట్లాడలేదు. భయంగా ఉంది. ఆయన ముఖం, ఈ ఇల్లు, ముప్పై ఏళ్ల సంఘం, అన్నీ ఒకవైపు పెట్టాను. వద్దు అనే మాట ఎక్కడి నుంచైనా వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు.

ఆగస్టు 9, శుక్రవారం

మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాను. ముబీనా నా తరగతి చూసుకుంది, ఎందుకని అడగలేదు. సాయంత్రం ఐదుకు, సుజన దారికొచ్చిందన్న నమ్మకంతో ఆమెను ఒక్కదాన్నే ఇంట్లో వదిలి కృష్ణవేణమ్మ వదిన ప్రార్థనకు వెళ్లాక, వాళ్లింటికి వెళ్లాను. బుధవారం అనుకున్నట్టే సుజన ఒక సంచి, బీపీ మాత్రలు, ఆసుపత్రి కాగితాలు పట్టుకుని సిద్ధంగా ఉంది. తలుపుకు గొళ్లెం పెట్టి, సంచి నేను మోసుకుని, ఎండలో బస్టాండు దాకా నడిచాం. నలుగురు చూశారు. ఇద్దరు ప్రైజ్ ది లార్డ్ చెప్పారు. నేనూ చెప్పాను.

బస్సు ఎక్కే ముందు సుజన కాళ్లకు వంగబోయింది. పట్టుకుని ఆపాను. "నన్ను క్షమించావా?" అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే అది కూడా నా కోసమే అవుతుందని ఊరుకున్నాను.

బస్సు కదిలాక చర్చి వైపు చూస్తే పాట వినిపిస్తోంది. నేను వస్తానని వరసగా పాటలు పాడుతూనే ఉన్నారట.

ఏ బస్సో రాయను. ఈ డైరీ ఎవరూ చదవరు. అయినా రాయను.

ఆగస్టు 10, శనివారం

పొద్దున్నే పాస్టరయ్య, ఇద్దరు పెద్దలు, కృష్ణవేణమ్మ వదిన వచ్చారు. మా ఆయన వాళ్లకు కుర్చీలు వేశాడు, నా వైపు చూడకుండా.

"ఆ యమ్మి యాడుండాదో నీకు తెలుసా వదినా?"

"తెలుసు. చెప్పను."

కృష్ణవేణమ్మ వదిన ఏడ్చింది. అందరిలో ఆమె ఏడుపే నిజమైనది. ఆమెకు మనవడు కావాలి, అందులో పాపమేముంది? ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.

"అమ్మా, ఆదివారం అంతగా తగ్గించుకున్నారు. ఇప్పుడేందమ్మా ఈ తిరుగుబాటు? సంఘానికి లోబడండి" అన్నాడు పాస్టరయ్య.

"మీరేం శిక్ష వేసినా లోబడతానయ్యా. ఆమె చోటు మాత్రం అడగొద్దు. అది నాది కాదు."

"మొగుడు పెండ్లాల మధ్య దూరడం ఏం భక్తి?" అన్నారు ఒక పెద్దాయన. నాకు తోచింది చేశాను, అంతే.

సాయంత్రం అరుణ్ కుమార్ ఒక్కడే వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. మెట్టు మీద కూర్చున్నాడు.

"మాత్రలు తీసుకపోయిందా టీచరమ్మా?"

"తీసుకపోయింది."

"నన్ను రమ్మనిందా?"

"రమ్మనలేదు. రావద్దని కూడా అనలేదు."

నీళ్లు తాగి వెళ్లిపోయాడు. చోటు అడగలేదు. అతను అడిగితే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

ఆగస్టు 16, శుక్రవారం

నన్ను ప్రార్థనకు పిలవలేదు. ఐదు దాటాక పాట ఇంటిదాకా వినిపించింది. వెళ్లాలని కాళ్లు లాగాయి. ఇంత బాధ ఉంటుందనుకోలేదు. వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఆగస్టు 23, శుక్రవారం

పిలవలేదు. ఆయన నాతో అవసరమైనంతే మాట్లాడుతున్నాడు. ఉప్పు, చార్జరు, గ్యాసు బండ. సుజన ఇంట్లో ఎలా ఉండేదో ఇప్పుడు రోజూ తెలుస్తోంది.

ఆగస్టు 31, శనివారం

ఒక కబురు అందింది. అంతే రాస్తాను.

సెప్టెంబరు 1, ఆదివారం

బల్ల ఆపారు, నాకు. పాస్టరయ్య కాగితంలోంచి తల ఎత్తకుండా చదివాడు. ఎవరూ స్తోత్రం అనలేదు. వెనక చాప మీద కూర్చున్నాను. ఇప్పుడు నాకు మనవులు ఇచ్చేవాళ్లు లేరు. నా పక్కన చాప ఖాళీ.

ఆడవాళ్ల వైపు పళ్లెం తెచ్చే వంతు ఈ నెల మా ఆయనది. వరస వరస దాటుకుంటూ వచ్చాడు. నా దగ్గరికి వచ్చేసరికి నేను తల వంచుకున్నాను, ఆయనకు కష్టం కాకుండా. ఆయన పాదాలు నా ముందు కనిపించాయి. ఆగాయి. వెనక వరసలో ఎవరో దగ్గారు. పాదాలు కదిలి వెళ్లిపోయాయి.

నేను రొట్టె లేకుండా ప్రార్థన చేసుకున్నాను. లోపలే. ఎవరి పేరూ పెట్టలేదు. ఏం కావాలో కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చి అన్నం వడ్డించాను. ఆయన ముద్ద కలుపుతూ, పళ్లెంలోకే చూస్తూ అడిగాడు.

"ఆ యమ్మి బాగుండాదా?"

"బాగుంది."

ఎక్కడ అని అడగలేదు. నన్ను కూడా కూర్చుని తినమన్నాడు.